రాత్రిని బట్టి చోటు ఎంచుకోండి

వానలు తగ్గి, శనగ విత్తనం పడి, ఎండ కాస్త మెత్తబడిందంటే చాలు, సంజామల, కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట మొదలవుతుంది. "అన్నా, ఈసారి యాడికన్నా పోయి ఒక రాత్రి అడివిలో పండుకోని వద్దామా?" ఆ మాట వెనకే ఫోటోలు వస్తాయి. గండికోట లోయ మీద పొద్దుపొడుపు, ఎగువ అహోబిలంలో కొండ మీంచి దూకే నీళ్ళు, నల్లమల మీద పరుచుకున్న మంచు. అందరూ చేతులెత్తుతారు. బండ్లెన్ని, టెంట్లెవరు తెస్తారు, కోడి ఎవరి వంతు అని పంపకాలు కూడా అయిపోతాయి.

ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ ఫోటోలోని చోటు రాత్రి పదింటికి ఎలా ఉంటుంది?

ఫోటోలన్నీ పగలు తీసినవే కదా. మీరు వెళ్ళేది రాత్రి గడపడానికి. పగటి అందం చూసి రాత్రి బసను నిర్ణయించుకోవడం దగ్గరే సగం ప్రయాణాలు చెడిపోతాయి. నీళ్ళు లేక, నేల కుదరక, చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపితే దిక్కుతోచక, పిల్లలు భయపడి ఏడిస్తే ఏం చెయ్యాలో తెలియక అర్ధరాత్రి సామాను సర్దుకున్న బృందాలు ఎన్నో. అందుకే ఈ అధ్యాయమంతా ఒకే సూత్రం చుట్టూ తిరుగుతుంది. చూడటానికి ఒక చోటు, పడుకోవడానికి ఇంకో చోటు. రెండూ ఒకటే కావాలని పట్టుబట్టకండి. అడవిని పగలు చూడండి, రాత్రి దాని అంచున, మనుషులున్న చోట, అనుమతి ఉన్న చోట పడుకోండి.

మన వైపు వాళ్ళకు ఇది కష్టమేమీ కాదు. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ నది. సంజామలలో బయల్దేరి ఏ దిక్కుకు పోయినా రెండు మూడు గంటల్లోపు కొండో, కోనో, చెరువో, గుహో తగులుతుంది. కొండల్లో రాత్రులు గడిపిన చరిత్ర కూడా మనకు కొత్త కాదు. నొస్సం కోట నుంచి ఇంగ్లిషువాళ్ళ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ రెండు కొండల వరుసల్లోనే తలదాచుకున్నాడు. 1846 అక్టోబరులో పట్టుబడింది సంజామల మండలంలోని పేరుసోముల దగ్గరి కొండలోనే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. పిల్లలతో ఆ దారిన పోయేటప్పుడు బండి ఆపి ఈ కథ చెప్పండి. కొండను చూసే చూపే మారిపోతుంది.

సరే, చోటు ఎంచుకుందాం.

1. ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

చాలామంది చోటు నిర్ణయించాక మనుషుల్ని పోగు చేస్తారు. వరస తిరగెయ్యండి. ఎవరెవరు వస్తున్నారో కాగితం మీద రాసుకోండి. వాళ్ళలో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు? ఆ ఒక్కరికి సరిపోయే చోటే మీ బృందానికి సరైన చోటు.

కోయిలకుంట్లలో ఒక కుటుంబం ఉందనుకోండి. అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, వాడి మనసంతా అహోబిలంలో ఉగ్రస్తంభం కొండ ఎక్కడం మీదే. చెల్లెలికి ఏడేళ్ళు. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. "నన్ను ఇడిసిపెట్టి మీరు పోయిరాండి నాయనా" అంటుంది అవ్వ. ఆ మాటకు సరేననకండి. అందరూ దిగువ అహోబిలంలో దిగండి. అవ్వ ప్రహ్లాద వరదుణ్ణి దర్శించుకుని కోడలితో బసలో ఉంటుంది. ఏడేళ్ళ పాపను తీసుకుని తండ్రి 8 కిలోమీటర్ల దూరంలోని ఎగువ అహోబిలం దాకా బండిలో వెళ్ళి భవనాశి వాగు చూపించుకుని వస్తాడు. అబ్బాయి స్నేహితులతో, దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, తెల్లవారుజామునే జ్వాలా నరసింహస్వామి గుడి వైపు ఎక్కుతాడు. బస ఒకటే, చూపులు మూడు. సాయంత్రం అందరూ ఒకచోట కూర్చుని అన్నం తింటారు. కుటుంబంతో వెళ్ళే క్యాంపింగ్‌కు ఇంతకంటే మంచి అమరిక నాకు తెలియదు.

కుర్రాళ్ళు మాత్రమే వెళ్తుంటే లెక్క వేరు అనుకుంటారా? కాదు. అందులోనూ ఒకడు ఆస్తమా ఉన్నవాడు ఉంటాడు, ఒకడు ఈత రానివాడు ఉంటాడు. అడిగితేనే చెప్తారు. అడగండి.

2. అనుమతి దొరికే చోటే చోటు

ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం. కాస్త ఓపికగా చదవండి.

నల్లమలలో మన వైపు భాగం చాలావరకు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కిందికి వస్తుంది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్–శ్రీశైలమే. ఇక్కడి పులులు అహోబిలం, రుద్రవరం అడవుల గుండా దక్షిణాన లంకమల, శేషాచలం దిక్కుకు కదులుతుంటాయి. అంటే మీరు టెంటు వేద్దామనుకున్న కోన వాటికి రాకపోకల దారి కావచ్చు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు. అందులోంచి వెళ్ళే ప్రజా రహదారి మీద ప్రయాణించవచ్చు. బండి పక్కన నిలిపి, లోపలికి నడిచి, గుడారం వేస్తే అది నేరం. అడవికి నిప్పంటించడం, మంటను ఆర్పకుండా వదిలి రావడం కూడా అదే చట్టం కింద నేరమే. "ఇది అభయారణ్యం కాదులే, మామూలు రిజర్వ్ ఫారెస్టే" అని ఎవరైనా ధైర్యం చెప్తే నమ్మకండి. అక్కడ 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అడ్డుపడుతుంది.

చట్టం సంగతి అలా ఉంచండి. 2024లో నంద్యాల–గిద్దలూరు దారిలోని పచ్చర్ల దగ్గర కట్టెలకు వెళ్ళిన ఒక మహిళ చిరుత దాడిలో చనిపోయింది. ఆమె ఆ ఊరి మనిషి, ఆ అడవి తెలిసిన మనిషి. మరి నిన్న టెంటు కొన్న మనకు ఆ అడవి ఎంత తెలుసు?

ఇక్కడ మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. "బీట్ ఆఫీసర్ మా మేనమామకు తెలుసు, ఏం కాదు పా." నోటిమాట అనుమతి కాదు. రాత్రి రెండింటికి ఎవరికైనా ఏమన్నా అయితే మీరు అక్కడున్నారని ఏ రిజిస్టరులోనూ ఉండదు. అది మీకే నష్టం. మాట సాయం చేసిన ఆ చిన్న ఉద్యోగి కొలువుకూ ఎసరు.

కాబట్టి అటవీశాఖ తానే బస నడిపే చోట్లు వెతుక్కోండి. ఆత్మకూరు దగ్గర బైర్లూటి, శ్రీశైలం దారిలో తుమ్మలబైలు, నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల, ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. కొన్నిట్లో రాత్రి బస, కొన్నిట్లో పగటి సఫారీ మాత్రమే ఉంటాయి. ఏటేటా ఏర్పాట్లు మారుతుంటాయి కాబట్టి నంద్యాల లేదా ఆత్మకూరు అటవీ డివిజన్ కార్యాలయంలో కనుక్కోండి. ఫోన్ చేసినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఆ తేదీకి క్యాంపు తెరిచి ఉంటుందా? రాత్రి సిబ్బంది ఎవరైనా అక్కడే పడుకుంటారా? తాగునీళ్ళు ఉన్నాయా? ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది? చెక్‌పోస్టు ఎన్నింటికి మూస్తారు?

చివరి ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోండి. పులుల అభయారణ్యంలో దోర్నాల–శ్రీశైలం లాంటి దారుల్లో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా బండ్లు ఆపేస్తారు. సంజామలలో అన్నం తిని సాయంత్రం నింపాదిగా బయల్దేరితే మీ రాత్రి చెక్‌పోస్టు దగ్గర కారులోనే తెల్లారుతుంది.

3. కాలాన్ని చూసి కదలండి

నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ దాకా. మా ప్రాంతానికి ఇదే క్యాంపింగ్ కాలం. దీనికి ముందూ వెనకా ఎందుకు వద్దో ఒక్కొక్కటే చెప్తాను.

జూలై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమని అభయారణ్యంలో సఫారీలు, అడవి లోపలి గుళ్ళకు రాకపోకలు ఆపేస్తారు. తెరిచి ఉన్న చోట్లకు కూడా అప్పుడు వెళ్ళవద్దనే చెప్తాను. 2019 సెప్టెంబరులో కొండల మీద కుండపోత కురిస్తే మహానంది గుడిలోకే నీళ్ళొచ్చాయి, కుందూ పొంగి నంద్యాల, కోయిలకుంట్ల పల్లెల చేలు మునిగాయి. మీ నెత్తిన చినుకు లేకపోయినా పైన కొండల్లో వాన పడితే వాగు నిమిషాల్లో మీదికి వస్తుంది.

ఫిబ్రవరి దాటితే నల్లమల ఆకు రాలుస్తుంది. ఎండుటాకు మీద ఒక్క బీడీ ముక్క పడితే చాలు. నంద్యాలలో ఏప్రిల్, మే ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి, రాత్రి కూడా బండ వేడి చల్లారదు. ఆ రోజుల్లో టెంటులో ఎవరికైనా నిద్ర పడుతుందా? అడవి జంతువులన్నీ అప్పుడు మిగిలిన ఒకటి రెండు నీటి గుంటల దగ్గరే చేరతాయి. మనం కూడా నీళ్ళని అక్కడికే పోతే వాటి నోటి దగ్గరి నీళ్ళు ఆపినవాళ్ళమవుతాం.

అక్టోబరులో వెళ్ళాలని ఉబలాటపడేవాళ్ళు తుపాను హెచ్చరికలు చూసి వెళ్ళండి. ఈశాన్య రుతుపవనాల వాన చెప్పి రాదు.

4. నేలను చేత్తో ముట్టుకోండి

టెంటు సంచి మీద ఎన్ని బొమ్మలున్నా మన నేలల గురించి అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. మన నేలలు మూడు రకాలుగా ఇబ్బంది పెడతాయి.

నల్లరేగడి. సంజామల, కోయిలకుంట్ల పొలాల గురించి మీకు నేను చెప్పాలా? ఒక్క జల్లు పడితే బండి చక్రానికి చుట్టుకుని కదలనివ్వదు. టెంటు మేకు లోపలికి సులువుగా దిగుతుంది, అంతే సులువుగా ఊడి వస్తుంది. ఎండాకాలం నెర్రెలు పడుతుంది, ఆ నెర్రెల్లో తేళ్ళు, పాములు ఉంటాయి. చేను గట్టున వెన్నెల బాగుంటుంది కానీ పడక అక్కడ వద్దు.

బండనేల. గండికోట, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపంతా నాపరాయి, గట్టి రాయి. మేకు దిగదు. అటు వెళ్ళేటప్పుడు నాలుగు ఖాళీ గోనె సంచులు, పది గజాల నైలాన్ తాడు వెంట ఉంచుకోండి. సంచుల్లో రాళ్ళు నింపి టెంటు మూలలకు కట్టండి. లోయ అంచున గాలి ఎంత బలంగా వీస్తుందో ఊహించలేరు. గాలి వచ్చే దిక్కుకు టెంటు వీపు పెట్టండి, వాకిలి కాదు.

వాగు ఇసుక. ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఇదే అన్నిటికంటే బాగుంటుంది. మెత్తగా, చదునుగా, తెల్లగా, పక్కనే సన్నగా నీళ్ళు. ఎవరికి పడుకోబుద్ధి కాదు? ఒక్కసారి ఒడ్డున ఉన్న చెట్ల కొమ్మలు చూడండి. కొమ్మలకు ఎండిన గడ్డి, చెత్త చుట్టుకుని ఉంటే కిందటి వరద ఆ ఎత్తు దాకా వచ్చిందని లెక్క. ఆ ఎత్తుకు పైనే మీ పడక. పైగా అడవి జంతువులు రాత్రి నీళ్ళకు వచ్చేదీ, నడిచేదీ ఆ ఇసుకలోనే. పొద్దున లేచి అడుగుజాడలు చూడటానికి అక్కడికి వెళ్ళండి. పిల్లలకు అదే పెద్ద పాఠం.

5. మన చుట్టుపక్కల చోట్లు: పగటివి ఏవి, రాత్రివి ఏవి?

గండికోట. సంజామల వాళ్ళు మొదటిసారి టెంటులో పడుకోవాలంటే నా ఓటు దీనికే. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో మొదలైనప్పటి నుంచి సంజామల స్టేషన్‌లో ఎక్కి జమ్మలమడుగులో దిగే వీలుంది. అక్కడి నుంచి కోట 15 కిలోమీటర్లు. రైలు వేళలు ముందే చూసుకోండి, ఆ మార్గంలో బండ్లు తక్కువ. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారి చేసిన లోయ అది. పర్యాటక శాఖ హరిత హోటలు ఉంది, టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు, పక్కన ఊరుంది, మనుషులున్నారు. రాత్రి బసకు కావలసినవన్నీ ఇవే. లోపలి మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడటానికి ఒక సాయంత్రం పూర్తిగా పెట్టుకోండి. జాగ్రత్త అంతా లోయ అంచు దగ్గరే. కింద వందల అడుగుల లోతు, చాలాచోట్ల కంచె లేదు. టెంటు అంచుకు బాగా దూరంగా వెయ్యండి. చీకటి పడ్డాక ఎవరూ అటు పోకూడదని, రాత్రి మూత్రానికి లేచినా ఇద్దరిద్దరుగా టార్చి లైటుతో వెనక్కే వెళ్ళాలని ముందే మాట తీసుకోండి. మందు తాగి అంచున కూర్చునే బృందంతో మీవాళ్ళను పంపకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

అహోబిలం. ఆళ్ళగడ్డ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. నవనారసింహ క్షేత్రాలున్న కొండలు, దట్టమైన అడవి. పగలు దీన్ని మించిన చోటు జిల్లాలో లేదు. రాత్రి మాత్రం దిగువ అహోబిలంలో సత్రమో, హోటలో, మఠం వాళ్ళ వసతో చూసుకోండి. కొండ మీద గుడారం వద్దు. ఎలుగుబంట్లు తిరుగుతాయి. పెద్ద తేనెతుట్టెలు కొండచరియలకు వేలాడుతుంటాయి, వాటి కింద పొగ పెట్టినా, అగరుబత్తి ముట్టించినా, గట్టిగా కేకలు వేసినా తేనెటీగలు లేస్తాయి. కోతులకు సంచి జిప్పు తీయడం వచ్చు. చెంచులు చెంచులక్ష్మిని తమ ఇంటి ఆడబిడ్డగా, నరసింహస్వామిని అల్లుడిగా చూసుకునే నేల ఇది. గూడేల వైపు వెళ్తే ఫోటో తీసే ముందు అడగండి. తేనె, కుంకుళ్ళు, సారపప్పు కొనాలంటే వాళ్ళు చెప్పిన ధర ఇచ్చి కొనండి.

మహానంది. నంద్యాల నుంచి సుమారు 15 కిలోమీటర్లు. పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉంటే ఇదే. ఏడాది పొడవునా పారే ఊటనీళ్ళ కోనేరు, చుట్టూ అరటి తోటలు, వెనక నల్లమల. గదులు దొరుకుతాయి. అరటి తోటల్లోకి కూడా చిరుతలు వచ్చిపోతుంటాయి కాబట్టి చీకట్లో తోటల వైపు షికార్లు మానండి.

బైర్లూటి. అడవిలో నిజంగా ఒక రాత్రి గడపాలన్న కోరిక ఉన్నవాళ్ళకు ఇదొక్కటే సరైన జవాబు. అటవీశాఖ ఏర్పాటు, సిబ్బంది కాపలా, సఫారీ. పులి కనపడుతుందన్న ఆశతో వెళ్ళకండి, పిల్లలకూ ఆ ఆశ పెట్టకండి. దుప్పి, కణితి, నెమలి, అడవికోడి కనిపిస్తే సంతోషించండి. రాత్రి దుప్పి అరుపు విని "అదేంది నాయనా?" అని పిల్లాడు అడిగితే, అడవిలో ఎవరో కదులుతున్నారని అది తోటివాటికి చెప్తోందని చెప్పండి.

ఇక మిగిలినవన్నీ పగటి చోట్లే. బెలుం గుహలు సంజామలకు పక్క మండలం కొలిమిగుండ్లలోనే ఉన్నాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 2002లో జనం చూడటానికి తెరిచారు, కొలిచిన పొడవు 3229 మీటర్లు. లోపల ఉక్కగా ఉంటుంది, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు ఆగి ఆగి నడవాలి. గండికోట వెళ్ళే రోజు పొద్దున దీన్ని చుట్టేయండి. అవుకు జలాశయం దగ్గర సాయంత్రం గడపవచ్చు. యాగంటి గుహలు, కోనేరు ఒక పూట పని. ఒకప్పుడు బట్టమేక పక్షికి పేరుపడిన రోళ్ళపాడు గడ్డిమైదానం ఉదయం కృష్ణజింకలను చూడటానికి బాగుంటుంది. అక్కడ రాత్రి గుడారం వేయకూడదు, వెయ్యనివ్వరు కూడా.

డబ్బు లేదు, బండి లేదు, అడవి మాత్రం చూడాలి అనుకునే విద్యార్థులకు ఒక మాట. నంద్యాల నుంచి గుంటూరు వైపు వెళ్ళే పగటి రైలెక్కండి. గాజులపల్లె దాటాక చెలిమ మీదుగా దిగువమెట్ట దాకా రైలు నల్లమల నడుమ నుంచే పోతుంది. కిటికీ పక్కన కూర్చుని గిద్దలూరు దాకా వెళ్ళి వెనక్కి రండి.

6. మొదటిసారి అడవిలో నడవాలంటే పదిమంది నడిచే రోజు చూసుకోండి

శివరాత్రికి ఆత్మకూరు పక్కన వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి జనం కాలినడకన పోతారు. ఎన్నో తరాల దారి అది. ఆ కొద్ది రోజులు అటవీశాఖ అనుమతి ఇస్తుంది, దారిలో నీళ్ళు, అన్నం పెట్టేవాళ్ళుంటారు, వైద్య శిబిరాలుంటాయి. దట్టమైన అడవిలో నడవడం అలవాటు లేనివాళ్ళకు ఇంతకంటే మంచి బడి లేదు. మీకు భక్తి ఎంతైనా ఉండనీ, కాళ్ళకు పాత చెప్పులే వేసుకోండి. కొత్త బూట్లు పెచ్చెరువు చేరకముందే బొబ్బలెక్కిస్తాయి. మీరు తెచ్చిన ప్లాస్టిక్ సీసా మీతోనే శ్రీశైలం చేరాలి.

7. రాత్రి నియమాలు బయల్దేరకముందే ఒప్పుకోండి

అక్కడికి పోయాక చెప్తే ఎవరూ వినరు. ఇంటి దగ్గరే, అందరి ముందు చదవండి.

తిండి: పొయ్యి అక్కర్లేని తిండి పట్టుకెళ్ళండి. జొన్నరొట్టెలు, శనగపొడి, ఎర్రకారం, చెనిక్కాయలు, బొరుగులు, ఓళిగలు. మా అవ్వలు సద్ది కట్టిన తిండే ఇది, రెండు రోజులైనా చెడదు. అడవి పక్కన మాంసం కాల్చడం, ఎముకలు విసరడం పూర్తిగా మానండి. ఆ వాసనకు కుక్కలొస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. మిగిలిన తిండి టెంటులో పెట్టుకోవద్దు, గట్టి మూత డబ్బాలో వేసి బండిలో పెట్టండి.

మంట: క్యాంపు వాళ్ళు చూపించిన గుంటలో, వాళ్ళు ఒప్పుకుంటేనే. పడుకునే ముందు నీళ్ళు పోసి, బూడిద కలిపి, చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి కాలకపోతేనే ఆరినట్టు.

పాములు: కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా లేకపోవచ్చు కాబట్టి చీమ కుట్టిందని పట్టించుకోరు. అందుకే ఆరుబయట చాప మీద పడకలు వద్దు, జిప్పు పూర్తిగా మూసిన టెంటో, మంచమో, దోమతెరో ఉండాలి. చెప్పులు దులిపి వేసుకోవాలి. కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ చేయకండి. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే తరలించండి. మీ బసకు దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే తెలిసి ఉండాలి.

చప్పుడు: పాటల పెట్టె ఇంట్లోనే ఉంచి రండి. దాన్ని వినడానికి అంత దూరం పోవాలా?

కబురు: నల్లమల లోపల చాలాచోట్ల ఫోన్ పలకదు. ఎక్కడికి, ఎవరెవరు, ఏ బండిలో, ఎప్పుడు తిరిగి వస్తారు అనే నాలుగు సంగతులు ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్ళండి. అనుకున్న వేళకు మూడు గంటలు దాటితే వాళ్ళు ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ కాగితం మీదే రాయండి. 112 నంబరు కూడా.

8. తిరిగి వచ్చే ధైర్యం పెట్టుకోండి

సాయంత్రం ఐదింటికి చోటు చేరారు. నీళ్ళు లేవు, లేదా మబ్బు పట్టింది, లేదా పక్క బృందం తాగి గోల చేస్తోంది. మీకు నచ్చలేదు. కానీ ఇంత దూరం వచ్చాం కదా, అందరూ ఏమనుకుంటారో అని ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దు. బృందంలో ఒకరికి ముందే ఆ అధికారం ఇవ్వండి. ఆ మనిషి "వద్దు, పోదాం" అంటే మారుమాట లేకుండా అందరూ లేవాలి. సాయంత్రం ఐదున్నరలోపు నిర్ణయం జరిగిపోవాలి, ఎందుకంటే చలికాలంలో ఆ తర్వాత అరగంటకే చీకటి పడుతుంది. దగ్గర్లోని ఊళ్ళో ఏ లాడ్జి ఉందో, ఏ సత్రం ఉందో ముందే కనుక్కుని ఉంచండి. గండికోటకైతే జమ్మలమడుగు, అహోబిలానికైతే ఆళ్ళగడ్డ, బైర్లూటికైతే ఆత్మకూరు.

మీ మొదటి ప్రయాణాన్ని ఇలా వేసుకోండి. శనివారం పొద్దున్నే సంజామలలో బయల్దేరి బెలుం గుహలు, మధ్యాహ్నం తాడిపత్రి దారి వదిలి జమ్మలమడుగు, మూడింటికల్లా గండికోట, వెలుతురుండగానే టెంటు, చీకటి పడేలోపు తిండి. ఆదివారం సూర్యోదయం చూసి, కోట తిరిగి, మీరు పోగేసిన చెత్తతో పాటు ఇంకెవరో వదిలిన ఒక సంచెడు చెత్త కూడా ఎత్తుకుని మధ్యాహ్నానికి ఇంటికి. ఈ ఒక్క రాత్రి సాఫీగా గడిస్తే మరుసటి ఏడు బైర్లూటికి వెళ్ళండి.

డిసెంబరులో శని, ఆదివారాలకు జనం బాగా ఉంటారు. ఆ రాత్రులకు బస కావాలంటే నవంబరులోనే ఫోన్ చెయ్యండి.